మా నాయన చేసిన తోకబండి

పోయిన నెల మా బిడ్డతోటి కార్ల వనపర్తి నుంచి గద్వాలకు పోతుంటే, పెబ్బేరు దాటినంక టైరు పంక్చరయి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కాడ ఆగవలసి వచ్చింది. బిడ్డ ఆ టైరు పని చూసుకుంటున్నది. కూర్చొని కూర్చొని నా కాళ్ళు పట్టుకపోయినయి. దిగి జర నడుద్దామని షెడ్డు ఎనుకకు పోయిన. అక్కడ ఒక పొడుగాటి ట్రాలీ నిలబెట్టి ఉన్నది, ముందర లారీ లేదు. ఇద్దరు పిలగాండ్లు దాని కింద టేపు పట్టిండ్రు. ఒకడు ముందర, లారీకి తగిలించే గూటం కాడ టేపు కొస ఒత్తి పట్టుకున్నడు. రెండోవాడు ఎనుక ఇరుసు చివర కాడ కొలత చదువుతున్నడు. ఎడమ దిక్కు చూసిండ్రు, కుడి దిక్కు చూసిండ్రు, మళ్ళ ఎడమకు వచ్చిండ్రు. ఏం చేస్తున్నరని అడిగిన. "ఇరుసు సక్కగున్నదా లేదా చూస్తున్నం అవ్వా. వంకరుంటె టైర్లు తింటది" అన్నడు ముందరివాడు, తల ఎత్తకుండనే. బిడ్డ వచ్చి పిలిచేదాక నేను అక్కడనే నిలబడ్డ. టైర్లు తింటది అన్న మాట విని నాకు ఎన్నో ఏండ్లయింది. ఒక ఎండకాలమంత మా ఇంట్ల ఆ మాట తప్ప ఇంకో మాట నడువలేదు. అది జర్మనీ యుద్ధం కాలం. నాకు అప్పుడు తొలిచూలు.

మా నాయనను ఊర్ల వడ్ల ఈరయ్య అనేటోళ్ళు, వడ్ల అంటె వడ్రంగి. వనపర్తిల మా వాడకట్టుల అన్నీ మావాళ్ళ ఇండ్లే, ఒక ఇంట్ల కొలిమి ఉంటె ఇంకో ఇంట్ల కర్రపని. మాది మట్టిగోడల ఇల్లు. ముందర పెద్ద వాకిలి, వాకిట్ల ఒక దిక్కు తాటికమ్మల పందిరి. ఆ పందిరే నాయన కార్ఖాన. పొద్దుగాల మమ్మల్ని లేపేది కోడి కాదు, బాడిశ నూరే చప్పుడు. నాయన చీకటితోనే తానం చేసి, జంధ్యం సవరించుకొని, బాడిశను కండ్లకద్దుకొని, నీళ్ళు చల్లుకుంట సాన మీద నూరేటోడు. ఆ దినం పని ఉన్నా లేకున్నా నూరుడు తప్పేది కాదు. ఆ చప్పుడుకే అమ్మ లేచి, నిన్నటి చెక్కపేళ్ళు తట్టల ఎత్తుకొని పొయ్యి కాడికి పోయేది. పేళ్ళల్ల కూడ ఆమెకు లెక్కలుండె. మామిడి పేళ్ళు తొందరగ మండుతయి, అవి పొయ్యి రాజేసేటందుకు. తుమ్మ పేళ్ళు నిప్పు నిలుపుతయి, అవి రొట్టెలకు. నల్లమద్ది పేళ్ళు పొగ పెడుతయని నీళ్ళ కాగు కిందికి తోసేది. కాలుతున్న జొన్న రొట్టె వాసన, తడిసిన కట్టె వాసన, నాయన పీల్చే నశ్యం ఘాటు, ఈ మూడు కలిస్తె మా ఇల్లు. నశ్యం పీల్చెటోనికి వాసనలు తెల్వవంటరు గని, మా నాయన కండ్లు మూసుకొని పేడును ముక్కు కాడ పెట్టుకుంటె అది ఏ చెట్టుదో చెప్పేటోడు.

నాయన చేసేది ఎక్కువ ఎడ్లబండ్లు. చుట్టు పక్కల రైతులు ఎండకాలంల వచ్చి చెప్పిపోయేటోళ్ళు, వానలు పడకముందే బండి చేతికి రావాలె. బండి తయారయినంక, రైతు ఎద్దులను తోలుకొని రాకముందే, నాయన పందిరి వాసానికి కట్టిన పొడుగాటి బొంగు ఒకటి దించేటోడు. బొంగు ఒక కొసకు మొల కొట్టి ఉండేది. ఆ మొలను నొగ కొసకు, కాడి కట్టే జాగల ఆనించి, రెండో కొస ఇరుసు ఎడమ చివరకు ఎంత దూరం వస్తదో అక్కడ బొంగు మీద బొగ్గుతోటి గీత గీసేటోడు. ఆ గీతనే తీసుకపోయి కుడి చివర కాడ చూసేటోడు. మా నాయనకు కొలత అంటె అంకె కాదు. ఇటు అటు ఒకటేనా కాదా, గంతే. ఒకటే అయితె బండి ఎద్దుల ఎనుక సక్కగ పోతది. తేడా ఉంటె ఒక ఎద్దు మీదికే తోస్తది. బండి వంకర ముందు ఎద్దు మెడకు తెలుస్తది, మనిషికి తెలిసేటప్పటికి ఆ మెడ పుండయితది అనేటోడు. వెంట్రుకమందం తేడా వచ్చినా ఇరుసును విప్పి మళ్ళ బిగించేటోడు. రైతు వచ్చి వాకిట్ల నిలబడి తొందర పెట్టినా వినేటోడు కాదు.

నేను వాళ్ళకు ఒక్కతే బిడ్డను. నన్ను గద్వాలకు ఇచ్చిండ్రు. మా అత్తగారివాళ్ళు కూడ వడ్లోళ్ళే గని, బండ్లు చెయ్యరు, నేసేటోళ్ళకు మగ్గాలు చేస్తరు. మా ఆయన పేరు మోనప్ప. ఆయన ఉన్నన్ని దినాలు ఆ పేరు నా నోట పలుకలేదు, ఇప్పుడు కాయితం మీద రాస్తుంటె కూడ చెయ్యి జర ఆగుతున్నది. సంబంధం మాట్లాడేటప్పుడు పిలగాడు మగ్గం నాడెలు చెక్కుతడు, చెయ్యి మెత్తన అని చెప్పిండ్రు. అది నిజమే. కాని పెండ్లయి ఏడాది కాకముందే ఆయన ఉలి పక్కన పెట్టి ఒక బస్సుల క్లీనరుగ చేరిండు. ఇంకొన్నాళ్ళకు స్టీరింగు పట్టిండు. మగ్గం ముందర కూర్చుంటె గోడ తప్ప ఏం కనపడదు అనేటోడు నాతోటి. ఆ సంగతి తెలిసిన నాడు మా నాయన నశ్యం బుర్ర తీసి రెండు మాట్ల పీల్చిండు. అల్లున్ని ఒక మాట అనేటట్లు లేదు. అది మా దిక్కు పద్ధతి కాదు. అల్లుడు మామ ముందర కూర్చొని ముచ్చట పెట్టేది కూడ పద్ధతి కాదు. అందుకని వాళ్ళిద్దరు ఒకరికి చెప్పవలసింది ఇంకొకరికి నాతోటి చెప్పించేటోళ్ళు.

యుద్ధం వచ్చి పెట్రోలు కరువైంది. లారీ ఎనుక ఇనుప పీపాయి అసొంటి కుంపటి పెట్టి, అండ్ల బొగ్గులు మండించి, ఆ గ్యాసుతోటి నడిపేటోళ్ళు. మా ఆయన అచ్చంపేట దిక్కు ఒక కట్టెల సావుకారి కాడ అసొంటి బొగ్గుల లారీ తోలుతుండె. అడివి అంచున దుంగలు నింపుకొని నాగర్‌కర్నూల్ మీదుగ వనపర్తికి, ఆన్నుంచి రైలు స్టేషనుకు. బొగ్గుతోటి నడిచే లారీకి బలం తక్కువ, మీద ఎక్కువ ఎత్తితె గడ్డ ఎక్కదు. ఒక లారీల పట్టే దుంగలు చాలుతలేవని సావుకారికి ఒక ఆలోచన వచ్చింది. పాడుబడ్డ బస్సు ఒకటి కొని, దాని ఎనుక ఇరుసు, రెండు చక్రాలు, స్ప్రింగు పట్టీల కమాన్లు తీపిచ్చి, లారీ ఎనుక గుంజేటట్లు ఒక బండి చేయించాలని. ఆ పనికి మా నాయనను అడిగిండు. నాయన మోటరు పని ఎన్నడు చెయ్యలేదు. అయినా రెండు దినాలు ఆలోచన చేసి సరే అన్నడు. పొడుగాటి నొగ, దాని మీద దుంగలు ఆగేటందుకు కట్టెల చట్రం, నొగ కొసకు కొలిమోళ్ళు చేసిన ఇనుప కొక్కెం. చట్రం కింద కమాన్లు, కమాన్లకు ఇరుసుకు నడుమ రెండు దిక్కుల కట్టె దిమ్మెలు, వాటిని బిగబట్టేటందుకు బోల్టులు. అది మా వాకిట్ల తయారవుతుంటె వాడకట్టు వాడకట్టంత వచ్చి చూసిపోయేది. తోకబండి అని దానికి పేరు పెట్టిండ్రు. దాన్ని లారీకి తగిలించి మొదలు గుంజిన నాడు నాయన కొత్త ధోతి కట్టిండు. పండుగకు తప్ప ఆయన కొత్తబట్ట కట్టంగ నేను చూడలేదు.

ఏడో నెల పడంగనే నన్ను పురుటికి తీసుకొచ్చిండ్రు. అందుకని ఆ ఎండకాలం అంత నేను పుట్టింట్లనే ఉన్న. లారీ వనపర్తికి వచ్చిన నాడల్ల మా ఆయన అన్నానికి ఇంటికి వచ్చేటోడు. పండుకునేది మాత్రం లారీ కాడనే, అత్తగారింట్ల ఉండుడు ఆయనకు సిగ్గు. అమ్మ తలుపు చాటు నుంచే మాట్లాడేది. అల్లుడు వస్తుండని తెలిస్తె భక్ష్యాలు చేసేది. ఆయన వాటిని గద్వాల మాటల ఓళిగలు అనేటోడు, అవునంటానికి హౌదు అనేటోడు. అమ్మ లోపల కొంగు నోట్ల పెట్టుకొని నవ్వేది. మొదటి కొన్ని దినాలు ఆయన కూడ మంచిగనే ఉండె. తరువాత అన్నం కాడ మాట తగ్గింది. ఒకనాడు చేతులు కడుక్కుంట నాతోటి అన్నడు, తోకబండి సక్కగ వస్తలేదని. ముందర లారీ రోడ్డు నడుమల పోతుంటె ఎనుక అది ఎడమకు జరుగుతదట, పీత నడిచినట్లు. ఎడమ దిక్కు టైరు ఆకురాయితోటి రాకినట్లు అరుగుతున్నదట. మీ నాయనకు చెప్పు, ఇరుసు వంకర పడ్డది అన్నడు.

నేను చెప్పిన. నాయన తోకబండిని వాకిట్లకు పెట్టిపిచ్చిండు. ఖాళీ చేసి, లారీతోటి మెల్లగ ఎనుకకు నూకి పందిరి ముందర నిలబెట్టిండ్రు. నాయన బొంగు దించిండు. కొక్కెం కాడ మొల ఆనించి ఎడమ చూసిండు, కుడి చూసిండు. బొగ్గు గీత రెండు దిక్కుల ఒక్క తీరుగనే పడ్డది. ఇంకోసారి చూసిండు. అల్లునికి చెప్పు, ఇరుసు సక్కగనే ఉన్నది, రోడ్డు అంచుకు పోకుండ నడుమల తోలుమని చెప్పు అన్నడు నాతోటి. నేను ఆ మాటను సగం ఒలిచి, మెత్తగ చేసి ఈయనకు చెప్పిన. అయినా ఈయనకు కోపం వచ్చింది. ఇట్ల రెండు మూడు మాట్ల జరిగింది. బండి వచ్చుడు, నాయన కొలుసుడు, ఒకటే వచ్చుడు. ఎడమ టైరు ఒకటి పూరాగ పోయింది. యుద్ధంల టైరు అంటె ఇయ్యాలటి మాట కాదు, ఎంత తిరిగినా దొరికేది కాదు. సావుకారి ఎక్కడనో పాతది పట్టుకొచ్చి ఏసిండు. అది కూడ అరుగుడు మొదలైంది. నాయన ఈయన తోలుడును అనుమానించిండు, ఈయన నాయన చేతిని అనుమానించిండు. నా కాడికి వచ్చేటప్పుడు మాత్రం ఇద్దరు బండినే తిట్టేటోళ్ళు.

అంతల బిజినేపల్లి దాటినంక ఒక వాగు కాడ ప్రమాదం అయ్యింది. వాగు మీద వంతెన లేకుండె, నీళ్ళ మట్టానికి రాళ్ళు పరిచిన బాట ఉండె. లారీ రాళ్ళ మీదనే ఉన్నది గని ఎనుక తోకబండి ఎడమ చక్రం అంచు దాటి కిందికి జారింది. బండి ఒరిగి పై దుంగలు రెండు దొర్లినయి. ఎనుక నిలబడ్డ క్లీనరు ఖాసిం దుంకిండు, దుంకుట్ల చెయ్యి మణికట్టు కాడ విరిగింది. ఆ దుంగ ఇంకో జానెడు ఇటు పడితె మనిషే ఉండకపోవు. సావుకారి అందరి ముందర మా ఆయనను అన్నడట, నువ్వు తోలుతున్నవా, నిద్ర పోతున్నవా అని. ఇంకో టైరు పోతె వేరే డ్రైవరును చూసుకుంట అన్నడట. ఈ సంగతి నాకు ఈయన చెప్పలేదు. చెయ్యి కట్టు కట్టుకొని వచ్చిన ఖాసిం చెప్పిండు.

మరునాడు మధ్యానం ఈయన అన్నానికి కూర్చున్నడు. నాయన పందిరి కింద చక్రం ఆకులు చెక్కుతుండె. నడుమ వాకిలి. ఒకరి మాట ఒకరికి మంచిగ వినపడుతది. ఈయన తల వంచుకొని, మీ నాయనకు చెప్పు, ఆ ఇరుసు సంగతి చూడకుంటె నేను ఇగ ఆ బండి తగిలియ్య అన్నడు. నేను నోరు తెరువకముందే నాయన అక్కన్నుంచి, బిడ్డా, కొలిచిన సంగతి చెప్పు, ఎన్నిమాట్ల కొలిచినా ఒకటే ఉన్నది అన్నడు. నా చేతుల పుంటికూర గిన్నె ఉండె. కడుపు బరువు, ఎండ, ఖాసిం చెయ్యి, అన్నీ ఒక్కపారి మీదికి వచ్చినట్లయింది. గిన్నె కింద పెట్టిన.

"మీ ఇద్దరికి చెవులున్నయి, నోళ్ళున్నయి. ఇయ్యాల్టి సంది మీ మాటలు నేను మొయ్య. ఆ బండి కింద ఈ మనిషి పోయినంక నన్ను ఎవరికి చెప్పుమంటవు నాయనా?"

కడుపుతోటి ఉన్న ఆడది మొగుని గురించి అసొంటి మాట అనొద్దు. అమ్మ తలుపు చాటు నుంచి ఉరికొచ్చి నా నోటి మీద కొట్టింది. అల్లుని ఎదుటికి ఆమె వచ్చుడు అదే మొదలు. ఈయన చెయ్యి అన్నంల అట్లనే ఉన్నది. నాయన బాడిశ పక్కన పెట్టి, ఒంటి మీది పేళ్ళు దులుపుకొని వాకిలి దాటి వచ్చిండు. వచ్చి ఈయన ముందర కొంచెం ఎడంగ కూర్చున్నడు. తరువాత నా దిక్కు కాకుండ, ఈయన దిక్కే చూసుకుంట అడిగిండు.

"మళ్ళ దుంగలు ఎప్పుడు నింపుతరు?"

"రేపు పొద్దుగాల. అచ్చంపేట కాడ."

"నేను వస్త."

మా నాయన అప్పటిదాక మోటరు ఎక్కలేదు. బొంగు తీసుకొని ఎక్కిండు, అది లోపల పట్టక కిటికీల నుంచి బయటికి పెట్టి పట్టుకున్నడట. ఈ ప్రయాణం సంగతి నేను ఇద్దరి నోట రెండు తీర్లుగ విన్న. నాయన రోడ్డు గురించి చెప్పిండు. గుంతలు ఎక్కడున్నయి, చెట్లు ఏమేమి ఉన్నయి, నాగర్‌కర్నూల్ కాడ ఎవరి బండి ఇరుసు ఒరిగి ఉన్నది. ఈయన మాత్రం, మీ నాయన ముందర చూడనే లేదు, పోయేటప్పుడు వచ్చేటప్పుడు మెడ తిప్పి తోకబండినే చూసుకుంట కూర్చున్నడు అన్నడు. దుంగలు నింపినంక కదలకముందు నాయన కొలిచిండు. ఒకటే ఉన్నది. జర దూరం వచ్చినంక ఆపుమన్నడు. నాగర్‌కర్నూల్ రాకముందే ఒక చింతచెట్టు కింద ఆపి కొలిచిండు. ఎడమ దిక్కు రెండు వేళ్ళ మందం ఎక్కువ వచ్చింది. బొంగు జారిందేమోనని మళ్ళ పెట్టిండు. మళ్ళ అంతే. అప్పుడు ఈయన చూసినవా అంటె అయిపోవు, అనలేదు. ఆ సంగతి నాకు నాయన చెప్పిండు, ఈయన కాదు.

నాయనకు అర్థం కాలేదు. ఇంటి కాడ ఒకటే ఉన్నది, తొవ్వల తేడా ఎట్ల వస్తది. లారీని ఎనుకకు నూకుమన్నడు. దుంగలతోటి తోకబండిని ఎనుకకు నూకుడు కష్టం, అది పాము తోక లెక్క ఎటో పోతది. ఈయన అంగుళం అంగుళం నూకిండు. నూకినంక కొలిస్తె కొలత మళ్ళ ఒకటే అయింది. అప్పుడు నాయన బండి కిందికి దూరి ఎడమ దిక్కు దిమ్మె మీద చెయ్యి పెట్టిండు. కమానుకు ఇరుసుకు నడుమ తాను చెక్కి పెట్టిన దిమ్మె. బోల్టు పక్కన రెండు వేళ్ళు దూరేంత సందు ఉన్నది. దిమ్మె ఎండి చిక్కిపోయింది, బోల్టు కదిలి కదిలి బెజ్జం పెద్దగయింది. బరువు పడి ముందుకు గుంజినప్పుడల్ల ఇరుసు ఆ కొస ఎనుకకు జారుతున్నది, ఎనుకకు నూకితె మళ్ళ తన జాగకు వస్తున్నది. మా వాకిట్ల పెట్టేటప్పుడు ప్రతిసారి ఎనుకకు నూకే పెట్టిండ్రు. అందుకే బొంగుకు దొరకలేదు. నాయన కిందనే చాలాసేపు ఉన్నడట. ఎండకు పానం బాగలేదేమోనని ఈయన వంగి చూసిండట. నాయన బయటికి వచ్చి మట్టి దులుపుకోలేదు.

"అల్లుడా, ఇరుసు మంచిదే. నీ తోలుడు మంచిదే. నేను పెట్టిన కట్టె పచ్చిది."

ఈయన కుంపట్ల బొగ్గులు సవరించి, లారీల ఉన్న గొలుసు తెచ్చి ఇచ్చిండు. ఇద్దరు కలిసి ఇరుసును కమానుకు గొలుసుతోటి కట్టి, చెక్క చీలలు కొట్టి, మెల్లగ వనపర్తికి తెచ్చిండ్రు.

సావుకారి ఆ దినం అంగడికి వచ్చి మా వాడకట్టు కాడనే ఉండె. పొద్దు ఇంకా గూకలేదు. లారీ ఆగంగనే వచ్చి, నాయనను పక్కకు పిలిచి, వేరే డ్రైవరును మాట్లాడిన, నీ అల్లుడని ఇన్ని దినాలు ఓర్సుకున్న, చెడ్డగ అనుకోకు అన్నడు. పక్కకు పిలిచినా నాయన పక్కకు పోలేదు. నలుగురు వినేటట్లే చెప్పిండు.

"డ్రైవరును మార్చకు సావుకారి. మార్చవలసింది నా కట్టెను. ఆరని దిమ్మె పెట్టిన. ఖాసిం చెయ్యి విరిగింది దానివల్లనే."

"నీకు తెల్వకనా?"

"తెలుసు. ఆరిన కట్టె కోసం నెల ఆగుమని నీకు చెప్పొచ్చుండె. నాకే తొందరుండె. నా వాకిట్ల మోటరు బండి తయారైందని ఊరంత అనుకోవాలె అనిపించింది."

సావుకారి, "ఈ పని ఈరయ్య తప్ప ఇంకెవ్వరు చెయ్యలేరని నాకు చెప్పింది నీ అల్లుడే" అన్నడు. నేను గడప కాడ నిలబడి ఉన్న. నాయన ఈయన దిక్కు చూసిండు. ఈయన లారీ తలుపు తెరిచి లోపల ఏందో వెతికినట్లు చేసిండు. ఆ సంగతి మా ఇంట్ల ఎవ్వరికి తెల్వదు. నాకు కూడ చెప్పలేదు ఆ మనిషి.

సావుకారి డ్రైవరును మార్చలేదు. కాని దిమ్మెలు నాగర్‌కర్నూల్ల ఇంకొకరితోటి చేయిస్త అన్నడు. అందుకు ఈయన, మామ చెయ్యకుంటె నేను లారీ ఎక్క అని ఖండితంగ చెప్పిండు. పని పోయేటట్లున్న మనిషి, పని నిలబడంగనే అసొంటి మాట అనొచ్చునా అని అమ్మ భయపడ్డది. సావుకారి గొణిగి ఒప్పుకున్నడు. ఆరిన కట్టె ఆ ఎండకాలంల ఎక్కడ దొరుకుతది. నాయన మా పశుల కొట్టం ఎక్కి, తన నాయన కాలం నాటి నల్లమద్ది దూలం దించి, దాన్ల నుంచి రెండు దిమ్మెలు కోసిండు. దూలం లేక కొట్టం ఒక దిక్కు కుంగింది. వానలు పడినంక బర్రెను ముందరింట్ల కట్టేసుకున్నం, అమ్మ ఆ ఏడంత సణుగుకుంటనే ఉండె. కొత్త దిమ్మెలు పెట్టినంక నాయన వాకిట్ల కొలువలేదు. నింపినంక, నడిచినంక, తొవ్వల కొలిచిండు. సక్కగ ఉన్నది. టైరు నిలిచింది.

అయితె నలుగురి ముందర చెప్పిన మాట నలుగురి తోటే ఆగదు. ఈరయ్య పచ్చి కట్టె పెట్టిండట అన్న మాట అంగడి నుంచి ఊర్లకు పోయింది. ఆ యేడు బండి చేయించుకుందామని చెప్పిపోయిన రైతులల్ల కొందరు రాలేదు. ఒకరిద్దరు వచ్చి, కట్టె గోటితోటి గిచ్చి చూసి పోయిండ్రు. అంతకుముందు ఎవడన్న అట్ల చేస్తె నాయన బాడిశ కింద పడేసేటోడు. ఆ యేడు మాత్రం, చూసుకో నాయనా, మంచిగ చూసుకో అన్నడు. మళ్ళ పాత తీరుగ పని వచ్చేటందుకు ఇంకో రెండు ఎండకాలాలు పట్టింది. ఖాసిం చెయ్యి మాత్రం సక్కగ కాలేదు. దవాఖాన దూరమని పసరు కట్టు కట్టించుకున్నడు, ఎముక వంకరనే అతుక్కున్నది. నాయన వాని ఇంటికి పోయి, వాడు వద్దన్నా, కూర్చొని చేసే పని నేర్పుత అని పిలుచుకొచ్చిండు. వాడు కొన్నాళ్ళు రంపం పట్టిండు. ఆ చేతికి రంపం ఆగలేదు. తరువాత ఎటో పోయిండు.

ఆ కాలం మంచిదని నేను అనను. ఖాసిం చెయ్యి ఇప్పుడు విరిగితె సాయంత్రానికి కట్టు పడుతది. అప్పుడు పురుడు అంటె మా మేనత్త చేతుల, చీకటి అర్రల, దేవుని మీద భారం. పెబ్బేరు కాడ చూసిన పిలగాండ్లు మంచి పని నేర్చిండ్రు, వాళ్ళకు టేపు ఉన్నది, వెలుతురు గీత పడే మిషను కూడ ఉన్నదట. వాళ్ళు కొలిచిన ట్రాలీ ఎవరిదో, దాన్ని తోలేది ఎవరో వాళ్ళకు తెల్వదు, తెలియవలసిన అక్కర లేదు. పని అయితది, పైసలిచ్చి పోతరు, తప్పు వస్తె మళ్ళ తెచ్చుకుంటరు. అది నాకు సుఖమే అనిపించింది. మా ఇంట్ల అట్ల కాకుండె. ఇరుసు చేసింది నా తండ్రి, దాని ముందర కూర్చున్నది నా మొగడు. కట్టె పచ్చిదైతె దాని ఎనుక మొత్తం ఇల్లే ఒక దిక్కు జరిగింది. అట్ల బతుకుడు మంచిదా, ఇట్ల బతుకుడు మంచిదా అని వాళ్ళనే అడుగాలె. ఇద్దరు పోయి శానా కాలమైంది, అడుగుదామంటె లేరు. అడిగినా నాయన నశ్యం పీలుస్తడు, ఈయన హౌదు అంటడు, అంతే.

వానలు మొదలయినంక బిడ్డ పుట్టింది. ఇరువై ఒకటో దినం తొట్టెల చేసిండ్రు. ఈయన తొలిసారి పిల్లను చూసేటందుకు వస్తుండని అమ్మ పొద్దటి సంది భక్ష్యాలు చేస్తనే ఉన్నది. లారీ చప్పుడు వినపడ్డది, ఆగింది. నేను పిల్లకు కాటుక దిద్ది కూర్చున్న. ఎంతసేపటికి మనిషి రాడు. అమ్మ పోయి చూసి వచ్చి, వస్తున్నమని చెప్పిండ్రు అన్నది. ఎవరు అని అడిగితె, ఇద్దరు అన్నది. భక్ష్యాలు చల్లారినయి. పిల్లకు నిద్ర వచ్చి మళ్ళ లేచింది. ఇగ నేనే పిల్లను కొంగుల కప్పుకొని వాకిట్లకు పోయిన. తోకబండి పందిరి ముందర ఉన్నది, దాని కింద నుంచి నాలుగు కాళ్ళు బయటికి వచ్చి ఉన్నయి. సన్నటి తుప్పర పడుతున్నది, ఆ కాళ్ళు తడుస్తున్నయి గని ఎవ్వరికి పట్టింపు లేదు. కింద నుంచి నాయన ఏందో అడుగుతుండు, ఈయన జవాబు చెప్పుతుండు, మళ్ళ ఈయన అడుగుతుండు. ఏం మాట్లాడుకుంటున్నరో నాకు సగం అర్థం కాలేదు. ఏ మాట ఎవరికి చెప్పుమని నన్ను ఎవ్వరు అడగలేదు. పిలుద్దామని నోటిదాక వచ్చింది. పిలువలేదు. పందిరి కింద తడవని దుంగ ఒకటి చూసుకొని, పిల్లకు పాలిచ్చుకుంట కూర్చున్న.